కచేరీ ఫోటోలూ, లైటు పడని మనుషులూ

పోయినేడాది వినాయకచవితికి రెండ్రోజుల ముందు అనుకుంటా, ఆఫీసులో ఏదో మీటింగులో ఉండగా తెలీని నంబరు నుంచి ఫోనొచ్చింది. ఎత్తలేదు. మళ్ళీ వచ్చింది. బయటికెళ్ళి ఎత్తితే అవతల ఓ కుర్రాడు. "సార్, రెండేళ్ళ కిందట మా నాన్నగారు వాయించిన కచేరీకి మీరే ఫోటోలు తీశారట. మృదంగం సార్. ఆయన మొన్న పోయారు. ఇంట్లో ఉన్నవన్నీ పెళ్ళిళ్ళలో గుంపులో నిలబడ్డవీ, ఆధార్ కార్డు మీదదీ. మృదంగం ముందు కూర్చున్న ఫోటో ఒక్కటుంటే పదకొండో రోజుకి ఫ్రేము కట్టిద్దామని అమ్మ అడుగుతోంది" అన్నాడు.

"తప్పకుండా ఉంటుంది బాబూ, సాయంత్రానికల్లా పంపిస్తాను" అన్నాను. అంత ధీమాగా ఎందుకన్నానంటే, ఆ కచేరీలో నేను తీసినవి 412 ఫోటోలు. హార్డ్ డిస్కులో తేదీలవారీగా సర్దిపెట్టుకునే అలవాటు కూడా ఉంది. అడిగితే మీరు నవ్వుతారు గానీ, బ్యాకప్పుకి బ్యాకప్పు కూడా ఉంది.

సాయంత్రం ఫోల్డరు తెరిచాను. 412లో మూడొందల పైచిలుకు గాయనివి. ఆవిడ ఎడమ ప్రొఫైలు, కుడి ప్రొఫైలు, చెయ్యెత్తినప్పుడు, కళ్ళు మూసుకున్నప్పుడు, నవ్వినప్పుడు. తరవాత వయొలిన్ ఆయనవి ఓ నలభై. మిగతావి జనం, పూలదండలు, దీపం. మృదంగం ఆయన పేరుకి ఉన్నవి పద్నాలుగు. వాటిలో ఆరింట్లో ఆయన గాయని వెనకాల మసగ్గా ఓ భుజం. మూడింట్లో మొహానికి అడ్డంగా మైకు స్టాండు. నాలుగింట్లో మొహమంతా నీలంగా, కళ్ళున్నచోట నల్లటి గుంటలు. చివరిది కచేరీ అయిపోయాక హాల్లో ట్యూబులైట్లు వేసినప్పుడు తీసింది. ఆయన వంగి మృదంగానికి గుడ్డ చుడుతున్నాడు, మొహం సగమే కనిపిస్తోంది.

ఆ కుర్రాడికి ఆ చివరి ఫోటోనే పంపించాను. "బావుంది సార్, థాంక్స్" అన్నాడు. పెద్దమనిషి తరహాలో అన్నాడు. ఫోటో బావుండి మాత్రం కాదు.

అప్పట్నుంచి ఈ విషయం బుర్రలో తిరుగుతూనే ఉంది. స్టేజి లైటింగులో ఫోటోలు తియ్యడం ఎంత కష్టమో చెప్పే వ్యాసాలు బోలెడున్నాయి. ఏ లెన్సు కొనాలి, ఏ ఐఎస్ఓ పెట్టాలి, నాయిస్ ఎలా తియ్యాలి. నేనూ అవన్నీ చదివినవాణ్ణే. కానీ ఎక్కడా ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. స్టేజి మీద లైటు ఎవరిమీద పడుతుందో వాళ్ళ ఫోటోలే మిగుల్తాయి. లైటు పడనివాళ్ళు కచేరీలో ఉండీ లేనట్టే. కష్టమైన లైటు అని మనం అనేదాన్ని సాంకేతిక సమస్యగా మాత్రమే చూస్తే, తేలికైన లైటు ఉన్నచోటికే కెమెరా తిరుగుతుంది. అది ఎవరో కావాలని చేసే అన్యాయం కాదు. ఆటోఫోకస్ కూడా వెలుతురున్న మొహాన్నే వెతుక్కుంటుంది, మనమూ అంతే.

ఇక అసలు సంగతిలోకి వద్దాం. మన సభల్లో లైటింగు ఎలా ఉంటుందో కచేరీలకి వెళ్ళేవాళ్ళకి తెలుసు. మధ్యలో కూర్చున్న ప్రధాన కళాకారుడి మీద ఒకటో రెండో గట్టి లైట్లు. వెనక ఫ్లెక్సీ, దాని మీద దాతల పేర్లు. ఆ ఫ్లెక్సీ మెరవడానికి ఇంకో రెండు లైట్లు. ఇవి కాక ఈమధ్య ప్రతిచోటా ఎల్ఈడీ పార్ లైట్లు. నీలం, వంగపండు రంగు, ఆకుపచ్చ, మళ్ళీ నీలం. రాగం కల్యాణి అయినా శుభపంతువరాళి అయినా వాటి తాళం వాటిదే. పక్కవాద్యాలవాళ్ళు కూర్చునే చోటికి వచ్చేసరికి గట్టి లైటు అంచు మాత్రమే తగుల్తుంది. ఘటం, కంజీర, మోర్సింగ్ వాళ్ళది ఇంకా వెనక వరస. తంబూరా పట్టుకున్న అమ్మాయి సంగతి అడక్కండి.

లెక్కల్లో చెప్తాను, మనవాళ్ళకి లెక్కలైతే తొందరగా ఎక్కుతాయి. మధ్యలో ఉన్న గాయని మొహానికి ఎఫ్/2.8, సెకనులో 200వ వంతు షట్టరు, ఐఎస్ఓ 3200 సరిపోయిందనుకోండి. మృదంగం ఆయన మొహం మీద పడే లైటు రెండు స్టాపులు తక్కువ. అంటే నాలుగో వంతు. అదే షట్టరు, అదే ఎపర్చరు ఉంచితే ఐఎస్ఓ 12800కి వెళ్ళాలి. పైగా ఆయన చేతులు గాయని చేతులకంటే చాలా వేగంగా కదుల్తాయి కాబట్టి షట్టరు ఇంకా పెంచాలి. అంటే లైటు తక్కువున్న మనిషికే ఎక్కువ లైటు కావాలి.

ఇక్కడ కెమెరా మనల్ని ఇంకో రకంగా మోసం చేస్తుంది. వెనకంతా నల్లటి తెర. కెమెరా మీటరు మొత్తం ఫ్రేము చూసి "అయ్యో, చీకటిగా ఉందే" అనుకుని ఎక్స్‌పోజరు పెంచేస్తుంది. గాయని మొహం, తెల్లటి జుబ్బా ఏదున్నా సున్నం కొట్టినట్టు తెల్లబడిపోతుంది. దాంతో మనం కాంపెన్సేషన్ తగ్గిస్తాం. గాయని బాగా వస్తుంది, పక్కనున్న ఆయన పూర్తిగా మునిగిపోతాడు. ఆటోమేటిక్ మోడ్ అనేది ప్రతి కేసుకీ ఒకే డీఫాల్ట్ విలువ పెట్టిన ప్రోగ్రాం లాంటిది. టెస్టింగులో బానే ఉంటుంది, కస్టమరు దగ్గర ఫెయిలవుతుంది.

దీనికి మందు పాతదే. మాన్యువల్ మోడ్. స్పాట్ మీటరింగ్‌తో ముందే ఒక్కొక్కరి మొహం మీదా రీడింగు తీసుకుని, ముగ్గురికో నలుగురికో మూడు నాలుగు సెట్టింగులు గుర్తుపెట్టుకోవడం. మొదటి వర్ణం అయ్యేలోపు ఈ పని అయిపోతుంది. నేను ఇప్పుడు చిన్న కాగితం మీద రాసుకుంటున్నాను కూడా. కెమెరాలో కస్టమ్ మోడ్లుంటే, ఒకదాంట్లో ప్రధాన కళాకారుడికీ రెండోదాంట్లో పక్కవాద్యాలకీ దాచిపెట్టుకోవచ్చు. లైటు మారనంతసేపూ డయల్ తిప్పితే చాలు.

లెన్సు విషయానికొస్తే, లక్షలు పోసి కొనే జూమ్ లెన్సులకంటే ఎఫ్/1.8 ప్రైమ్ లెన్సు ఈ పనికి మేలు. 2.8 నుంచి 1.8కి వస్తే దాదాపు ఒకటింపావు స్టాపు లాభం. ఇందాకటి 12800 కాస్తా ఐదువేల చిల్లరకి దిగుతుంది. 85 మిల్లీమీటర్ల లెన్సుతో ఐదు మీటర్ల దూరం నుంచి తీస్తే ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో ఫోకస్‌లో ఉండే లోతు అడుగు పైచిలుకు ఉంటుంది. మొహానికి అది చాలు. మొహమూ, మృదంగమూ, రెండు చేతులూ అన్నీ స్ఫుటంగా కావాలంటే చాలదు. అలాంటప్పుడు మొహాన్నే ఎంచుకోమంటాను. చేతులు మసకబారితే వాయిస్తున్నట్టుంటుంది, మొహం మసకబారితే పనికిరాని ఫోటో అవుతుంది.

ఆ రంగుల ఎల్ఈడీల గురించి కొంచెం చెప్పాలి. నా నాలుగు నీలం ఫోటోలు ఎందుకు పాడయ్యాయో తెలుసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. మన కెమెరా సెన్సరు మీద బేయర్ ఫిల్టరు ఉంటుంది. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ కనిపెట్టింది, 1976లో పేటెంటు వచ్చింది. ప్రతి నాలుగు పిక్సెళ్ళలో రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. ఎల్ఈడీ ఇచ్చే నీలం దాదాపు స్వచ్ఛమైన నీలం. ఆ లైటులో మొహాన్ని తీస్తే నాలుగింట ఒక్క పిక్సెలే పనిచేస్తుంది, మిగతా మూడూ దాదాపు ఖాళీగా కూర్చుంటాయి. మీరు 24 మెగాపిక్సెల్ కెమెరా కొన్నా ఆ క్షణానికి మీ చేతిలో ఉన్నది 6 మెగాపిక్సెల్ కెమెరా అన్నమాట.

ఇంకో ప్రమాదం ఏంటంటే, పనిచేసే ఆ ఒక్క ఛానెలూ పొంగిపొర్లి పోతుంది. మూడు ఛానెళ్ళనీ కలిపి చూపించే హిస్టోగ్రాం మాత్రం "అంతా క్షేమం" అంటుంది. రా ఫైల్‌లో 14 బిట్లుంటాయి, అంటే 16384 మెట్లు, జేపెగ్‌లో 256 మెట్లే. అందుకని రా తీస్తే ఏదైనా సరిచెయ్యొచ్చని మనకో నమ్మకం. కానీ ఛానెల్ గరిష్ఠ విలువ దగ్గర ఆగిపోయాక ఎన్ని బిట్లుంటే ఏం లాభం? ఆ పైన ఉన్న వివరం అసలు రికార్డే కాలేదు. మిగతా రెండు ఛానెళ్ళలో సమాచారం లేదు. వైట్ బ్యాలెన్స్ ఎంత జరిపినా, లేని ఎరుపుని ఎక్కణ్ణుంచి తెస్తాం?

కాబట్టి రంగుల లైట్లున్నచోట చెయ్యాల్సింది రెండే పనులు. ఒకటి, హిస్టోగ్రాంని ఛానెళ్ళవారీగా చూసుకుని, పొర్లుతున్న ఛానెల్‌ని బట్టి ఎక్స్‌పోజరు ఒకటి రెండు స్టాపులు తగ్గించడం. రెండు, ఓపిక పట్టడం. ఆ లైట్లు ఒక వరసలో తిరుగుతుంటాయి. ఐదు నిమిషాలు గమనిస్తే ఆ వరసలో ఎక్కడో ఒకచోట తెలుపో లేత పసుపో వస్తుందని తెలుస్తుంది. ఆ రెండు మూడు సెకన్ల కోసం మృదంగం ఆయన మొహం మీద ఫోకస్ పెట్టి కూర్చోవాలి. తప్పనిసరై నీలంలోనో ఎరుపులోనో తీస్తే దాన్ని నలుపు తెలుపులోకి మార్చెయ్యడం మంచిది. నలుపు తెలుపు అంటే గొప్ప కళ అని కాదు, అబద్ధపు రంగు కంటే రంగు లేకపోవడం మేలని.

ఇక ఫ్లాష్. దీని గురించి వాదనే అక్కర్లేదు, వద్దు. కర్ణాటక కచేరీలో కళాకారులు ఒకరినొకరు చూసుకుంటూ వాయిస్తారు. గాయని ఎక్కడ ముగిస్తుందో మృదంగం ఆయన ఆవిడ చేతి తాళం చూసి, కళ్ళు చూసి పట్టుకుంటాడు. సరిగ్గా అప్పుడు కళ్ళలో మెరుపు కొడితే ఎలా ఉంటుంది? నడుస్తున్న ప్రొడక్షన్ సర్వరు వైరు ఎవరో కాలితో తన్నినట్టుంటుంది. ఆటోఫోకస్ కోసం కెమెరా ముందు వెలిగే ఆ నారింజ దీపాన్ని కూడా మెనూలోకెళ్ళి ఆపెయ్యండి. సగంమందికి అదొకటుందనే తెలీదు.

మిర్రర్‌లెస్ కెమెరాల్లో చప్పుడులేని ఎలక్ట్రానిక్ షట్టరు వచ్చాక ఒక పెద్ద బాధ తీరింది. ఆలాపనలో మంద్రస్థాయిలో నిలిచిన చోట టకటకా కొట్టే అవస్థ లేదు. కానీ దానికీ ఓ మెలిక ఉంది. చాలా ఎల్ఈడీలు కాంతి తగ్గించడానికి వేగంగా ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. మామూలు సెన్సరు ఫోటోని వరస తరవాత వరసగా చదువుతుంది కాబట్టి అడ్డంగా చారలు పడతాయి. షట్టరు తగ్గిస్తే చారలు తగ్గుతాయి. పాతకాలం చోకు ట్యూబులైట్లున్న హాల్లో ఐతే మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి వెలుతురు సెకనుకి వందసార్లు పెరిగి తగ్గుతుంది. అక్కడ 100వ వంతో 50వ వంతో పెడితే ఫోటోలన్నీ ఒకేలా వస్తాయి.

"100వ వంతుతో మృదంగమా?" అని మీరు అడగొచ్చు. ఇక్కడే కెమెరా పరిజ్ఞానం అయిపోయి సంగీత పరిజ్ఞానం మొదలవుతుంది. నేను విద్వాంసుణ్ణేం కాదు, తాళం వెయ్యడం వరకూ తెలుసు. కానీ ఆ మాత్రమే చాలా ఉపయోగపడుతుంది. ఎంత వేగంగా వాయించేవాళ్ళైనా ఆగే చోట్లుంటాయి. మోహరా, కోర్వై అయ్యాక సమం మీద పడ్డప్పుడు చెయ్యి ఒక్క క్షణం గాల్లో నిలుస్తుంది. వయొలిన్‌లో కమాను దిశ మారే చోట ఆగుతుంది. గాయని సంగతి ఎత్తుకునే ముందు ఊపిరి తీసుకుంటుంది. ఆ క్షణాల్లో 100వ వంతైనా సరిపోతుంది. అది ఎప్పుడొస్తుందో వింటున్నవాడికి ముందే తెలుస్తుంది. వినకుండా సెకనుకి ఇరవై చొప్పున ఫోటోలు బాదేవాడికి, తరవాత రాత్రంతా కూర్చుని చెత్త ఏరుకోవడమే మిగుల్తుంది.

ఎక్కడ నిలబడాలన్నది కూడా సంగీతమే చెప్తుంది. మామూలుగా మనం ప్రేక్షకుల్లోంచి చూస్తే ఎడమవైపు మృదంగం, కుడివైపు వయొలిన్ ఉంటాయి. కుడిచేతి వాటం మృదంగం ఆయన వాద్యం కుడి మొహం, అంటే మధ్యలో నల్లటి కరణి ఉన్న వైపు, జనం వైపుకి ఉండాలని ఆ అమరిక. ఎడమచేతి వాటమైతే మొత్తం తిరగబడుతుంది, వయొలిన్ అటు మారాలి. పళని సుబ్రహ్మణ్య పిళ్ళైగారిది ఎడమచేతి వాటం. ఆ కారణంగా ఆయన పక్కన కూర్చునేందుకు చోటు మారాల్సొచ్చిన వయొలిన్ వాళ్ళకి అది పెద్ద పేచీ అయిందనీ, చెంబై వైద్యనాథ భాగవతార్‌గారు ఆయన పక్షాన నిలబడ్డారనీ సంగీతం తెలిసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఫోటోలు తీసేవాడికి ఇందులో పనికొచ్చేదేంటంటే, మృదంగం ఆయన మధ్యకి తిరిగి కూర్చుంటాడు. కాబట్టి ఆయన మొహం హాలు కుడివైపు నడవలోంచి కనిపిస్తుంది. వయొలిన్ వాళ్ళ మొహం ఎడమవైపు నుంచి కనిపిస్తుంది. మనం మాత్రం ఏం చేస్తాం? నిర్వాహకులు ఇచ్చిన మధ్య సీట్లో, మొదటి వరసలో, గాయనికి ఎదురుగా కూర్చుంటాం. అక్కణ్ణుంచి చూస్తే మృదంగం ఆయనది చెవి, వయొలిన్ ఆయనది భుజం. నా పద్నాలుగు ఫోటోల్లో పదమూడు అలా పోయినవే. లైటుని తిట్టుకున్నాను గానీ, రెండు గంటల్లో ఒక్కసారి లేచి కుడివైపుకి నడిచుంటే సగం సమస్య తీరేది.

ఇంకా సిగ్గుపడాల్సిన విషయం ఒకటుంది. తని ఆవర్తనం. కచేరీ మొత్తంలో మృదంగానికి దక్కేది ఆ పది, పదిహేను నిమిషాలే. జనంలో సగంమంది సరిగ్గా అప్పుడే కాఫీకి లేస్తారు. ఆ రోజు నేనూ లేచాను. ఫోటోల టైము చూస్తే తెలిసింది, ఆ పద్నాలుగు నిమిషాల్లో నా కెమెరా ఒక్కసారి కూడా నొక్కలేదు. క్యాంటీనులో పునుగులు మాత్రం బావున్నాయి.

"సెన్సర్లు ఇంకా బాగుపడితే ఇవన్నీ పోతాయి" అనే మిత్రులున్నారు. ఫిలిం రోజుల్లో కొడాక్ ట్రై-ఎక్స్ 400 ఐఎస్ఓ ఫిలింతో, దాన్నే 1600కి లాగి, రోలుకి 36 ఫోటోలతో కచేరీలు తీసినవాళ్ళున్నారు. అవినాశ్ పస్రీచా, రఘు రాయ్ లాంటివాళ్ళు తీసిన సంగీత విద్వాంసుల చిత్రాలు చూడండి. 2007లో నికాన్ డీ3 వచ్చి 6400 ఐఎస్ఓ దగ్గర శుభ్రమైన ఫోటో ఇచ్చినప్పుడు అందరం నోళ్ళు తెరిచాం. ఇప్పుడు మధ్యరకం కెమెరాకి కూడా అది లెక్కలోది కాదు. ఇన్నేళ్ళలో సెన్సరు ఇంత మెరుగుపడితే మృదంగం ఆయన ఫోటోలు పెరిగాయా? గాయని ఫోటోలు మూడొందలయ్యాయి, అంతే. చోటు పెరిగితే మనం అదే డేటాని ఇంకో మూడు కాపీలు పెట్టుకుంటాం, కొత్త డేటా తెచ్చుకోం.

ఇప్పుడు ఏఐ డీనాయిజ్‌లు వచ్చాయి. 2023లో లైట్‌రూమ్‌లో కూడా పెట్టారు. మంచి పనిముట్టే, నేను వాడతాను. 12800లో తీసిన ఫోటోని నిజంగానే కాపాడుతుంది. కానీ ఆ నాలుగు నీలం ఫోటోల్లో ఒకదాన్ని ఇంకా గట్టి ప్రోగ్రాం ఒకదాంట్లో వేసి, మొహాన్ని "బాగుచెయ్యమని" అడిగాను. చేసిపెట్టింది. నున్నటి చర్మం, చక్కటి కళ్ళు. ఆయన కాదు. ఎవరో. ఆ గుంటల్లో కళ్ళు లేవు కాబట్టి అది కళ్ళు కల్పించింది. ఇంట్లోవాళ్ళు దండ వేసి రోజూ చూసుకునే ఫోటోలో, కొన్ని కోట్ల మొహాల సగటు ఉండకూడదని ఆ ఫైలు తీసేశాను. నాయిస్ తియ్యడం వేరు, మనిషిని తయారుచెయ్యడం వేరు. ఆ గీత ఎక్కడుందో ఎవరికి వాళ్ళు గీసుకోవాలి. నేను మాత్రం కళ్ళ దగ్గర గీసుకున్నాను.

దీనికి ఎదురు వాదనలు లేకపోలేదు. ఒకటి, "జనం వచ్చేది ప్రధాన కళాకారుడి కోసం, నిర్వాహకులు అడిగేదీ ఆవిడ ఫోటోలే." నిజమే. మూడొందలు తియ్యొద్దని ఎవరన్నారు? అందులో ముప్ఫై తగ్గితే ఎవరికీ తెలీదు, ఆ ముప్ఫై పక్కవాళ్ళకిస్తే వాళ్ళ ఇంటికి తెలుస్తుంది. అయినా మన దగ్గర పక్కవాద్యం తక్కువదా? ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌ని మధ్యలో కూర్చోబెట్టి కచేరీలు చేశారు. అన్నవరపు రామస్వామిగారికి 2021లో పద్మశ్రీ వచ్చింది, మహామహుల పక్కన ఏళ్ళ తరబడి వయొలిన్ పట్టుకుని కూర్చున్న మనిషాయన. ఆ స్థాయి పేరున్నవాళ్ళ ఫోటోలు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. అంత పేరు రానివాళ్ళ గురించే నా బాధ. రేడియోలో బీ గ్రేడు, ఇంట్లో పదిమంది పిల్లలకి పాఠాలు, నెలకి రెండు మూడు కచేరీలు. సంగీతం నిలబడింది వాళ్ళ మీదే.

రెండో వాదన, "ఆ చీకటే అందం, అన్నీ వెలుగులో ఉంటే పెళ్ళి వీడియోలా ఉంటుంది." చీకటి అందమే, కాదనను. కానీ నేను అడిగేది పట్టపగలు చెయ్యమని కాదు, మొహం మీద కాస్త వెలుతురు. తిరుమలలో నాదనీరాజనం కార్యక్రమం టీవీలో చూసే ఉంటారు. ప్రత్యక్ష ప్రసారం కోసం వేసే లైట్లు కాబట్టి వేదిక మీద ఎవరు ఎక్కడ కూర్చున్నా మొహం కనిపిస్తుంది. పక్కవాద్యం వాళ్ళు తలాడించడం, ఒకరికొకరు నవ్వుకోవడం కనిపిస్తాయి. దానివల్ల సంగీతం అందం ఏం తగ్గింది?

మూడోది నాకూ సమాధానం సరిగ్గా తెలీనిది: "కచేరీకొచ్చి వినక ఈ ఫోటోల గోలేంటి?" ఇది మా ఆవిడ వాదన. దీనికి నేను తలొంచుతాను. అందుకే ఇప్పుడు కచేరీలో మొదటి అరగంట, తని ఆవర్తనం, ఆఖర్న మంగళం, ఈ మూడుసార్లే కెమెరా తీస్తున్నాను. మిగతాసేపు సంచిలో.

సభలు నడిపే పెద్దలు ఎవరైనా ఇది చదివితే వారికో మనవి. ఫ్లెక్సీకి పెట్టే లైట్లు రెండు తీసి, కళాకారుల వైపు తిప్పండి. చెరోవైపు నుంచీ ఒక్కోటి, నలభైఐదు డిగ్రీల ఎత్తునుంచి, అంచులు మెత్తబడేలా ముందు పల్చటి కాగితం వేసి. రెండూ ఒకే తెలుపు అయితే చాలు, ఒకటి పసుపూ ఒకటి నీలం తెలుపూ వద్దు. రంగుల లైట్లు ఉంచాలనుకుంటే వెనక తెర మీదే ఉంచండి, మనుషుల మీద వద్దు, తిరగనివ్వొద్దు. దీనికి కొత్తగా పైసా ఖర్చుండదు, ఉన్న లైట్లే. ఫోటోలు తీసేవాళ్ళ కోసమే అడగడం లేదు. వెనక వరసలో కూర్చున్న పెద్దవాళ్ళకి మొహాలు కనపడతాయి. కళాకారులు ఒకరికొకరు కనపడతారు.

ఇక నాలాగా శనాదివారాలు కెమెరా భుజానేసుకుని తిరిగే సాఫ్టువేరు సోదరులకి. కోడు రాసేటప్పుడు టెస్ట్ కవరేజి అంటాం కదా. ఎన్ని టెస్టులు రాశామన్నది కాదు, ఎన్ని దారులు తాకామన్నది లెక్క. ఒకే ఫంక్షన్‌కి మూడొందల టెస్టులు రాసి పక్క మాడ్యూలుని వదిలేస్తే మేనేజరు ఊరుకుంటాడా? కచేరీలో కవరేజి అంటే వేదిక మీద ఉన్న ప్రతి మనిషికీ కళ్ళు కనపడే ఫోటో ఒక్కటైనా ఉండటం. తంబూరా అమ్మాయితో సహా. నేను ఇప్పుడు కచేరీ మొదట్లోనే కాగితం మీద పేర్లు రాసుకుంటున్నాను, ఫోటో వచ్చిందనుకున్నాక టిక్కు పెట్టుకుంటున్నాను. టిక్కు పడనివాళ్ళు తని ఆవర్తనం తరవాత కూడా మిగిలితే, మంగళం అయ్యాక దగ్గరికెళ్ళి "ఒక్క నిమిషం అండీ, మృదంగం కట్టేముందు ఇటు చూస్తారా" అని అడుగుతున్నాను. ఇంతవరకూ కాదన్నవాళ్ళు లేరు. ఒకాయన జుబ్బా సర్దుకుని, మృదంగాన్ని మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని కూర్చున్నారు.

తీసినవి హార్డ్ డిస్కులో దాచుకుంటే సరిపోదు. వారంలోపు వాళ్ళ ఫోనుకి పంపించెయ్యండి. ఫైలులో పేరు, తేదీ, ఊరు రాయండి. "గాయని ఫలానా, బృందం" అని రాయకండి, బృందంలో ఉన్నవాళ్ళకి పేర్లున్నాయి. ఆ కుర్రాడు రెండేళ్ళ తరవాత నా నంబరు వెతుక్కుంటూ ఎంతమందిని అడిగి ఉంటాడో. ఆయన బతికున్నప్పుడే ఆ ఫోటో వాళ్ళింట్లో ఉండుంటే ఆ ఫోనే వచ్చేది కాదు.

ఆ అబ్బాయి మొన్నామధ్య మళ్ళీ మెసేజి పెట్టాడు. తనూ మృదంగం నేర్చుకుంటున్నాడట, తొలి కచేరీ ఉంది, వీలైతే రమ్మని. వెళ్తున్నాను. కుడివైపు నడవలో, మూడో వరస చివర కుర్చీ ఒకటి చూసిపెట్టమని చెప్పాను.